ముందు బ్రేకు, తరువాత వేగం

ఖరగ్‌పూర్ రైల్వేలో ఉపాధికై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు నివసించే పేట ఝపటాపూర్. బ్రేకు పరీక్ష కానిదే రైలు కదలరాదన్న నియమం అక్కడివారికి కొత్త కాదు. చవకగా పాత స్పోర్ట్స్ కారు కొన్న యువకుడికీ ఆ నియమమే శరణ్యం.

వేగం రెట్టింపైతే, బ్రేకు పడిన పిదప కారు ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది. సుమారు రెండేళ్ళకొకసారి మార్చవలె. టైరుపై 2319 అని ఉంటే, అది 2019లో 23వ వారాన తయారైనదని అర్థం. టైమింగ్ బెల్టు వయస్సు తెలియనిచో మార్చివేయండి. అది తెగితే పెక్కు ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి.

వెడల్పు చక్రాలు, గర్జించే సైలెన్సరు మిగిలిన సొమ్ముతోనే. ఏమీ మిగలకున్నా విచారం వలదు. కారు క్షేమంగా ఇల్లు చేరుతుంది.