మోటారు మనది, అయస్కాంత మెవ్వరిది?

పఠనాలయమునందు మన తలలపై తిరుగు పంకా పుచ్చుకొను విద్యుత్తంతయు గాలిగా మాఱునని పలువురు తలంతురు. అది నిజము గాదు. అందు చాలభాగము వేడిమియై పోవుచున్నది. పాతరకపు పంకా ఇంచుమించు 75 వాట్లు పుచ్చుకొని యిచ్చు గాలిని, శాశ్వతాయస్కాంతము గల క్రొత్తపంకా 30 వాట్ల ప్రాంతమున ఇచ్చుచున్నది. తక్కిన వాట్లకు ఇన్నాళ్లును మనము వృథాగా మూల్యము చెల్లించితిమి.

మోటారులో నష్టము ముఖ్యముగా మూడు త్రోవలఁ బోవును. రాగితీగలో ప్రవాహము రెట్టింపైనచో నష్టము నాల్గురెట్లగును. ఇనుములో అయస్కాంతదిశ మాటిమాటికి మాఱుటవలనను, అందు పుట్టు సుడిప్రవాహములవలనను మఱికొంత పోవును. కావుననే యినుమును పలుచని రేకులుగాఁ జేసి, నడుమ పూత పూసి పేర్తురు. బేరింగుల రాపిడియు గాలి రాపిడియు మూడవ త్రోవ. మామూలు మోటారులో తిరుగుభాగమును అయస్కాంతముగాఁ జేయుటకే కొంత విద్యుత్తు వ్యయమగును. శాశ్వతాయస్కాంత మున్నచో ఆ వ్యయము తప్పును.

పంకాలలో పెక్కింటికి చవుకయైన ఫెర్రైటు అయస్కాంతమే చాలును. బండ్లను నడుపు మోటారు చిన్నదియు బలముగలదియు కావలెనన్నచో నియోడిమియము కావలెను. 1980ల తొలియేండ్లలో జపానునందు సగావా మసాతోయు, అమెరికాయందు జాన్ క్రోట్‌యు వేర్వేరుగా రూపొందించిన యీ అయస్కాంతమునకు వేడిమియే శత్రువు. వేడి మితిమీఱినచో దాని బలము నశించును. తాళుటకై డిస్ప్రోసియము, టెర్బియము కలుపుదురు. 2025 ఏప్రిల్ 4వ తేదీన చైనా ఈ రెంటితో సహా ఏడు మూలకములకును, వానితోఁ జేసిన అయస్కాంతములకును ఎగుమతి అనుమతిని తప్పనిసరి చేసెను. మన బండ్ల కార్ఖానాలు కలవరపడినవి.

మనకేమి గలదు? భీమునిపట్నము, శ్రీకాకుళము తీరముల ఇసుకలో మోనజైటు కలదు. విశాఖపట్టణమున ఏటికి 3,000 కిలోల సమేరియము-కోబాల్టు అయస్కాంతములు చేయఁగల కర్మాగారము 2023 మే 11న జాతికి అంకితమైనది. 2025 నవంబరు 26న కేంద్రమంత్రివర్గము ఏటికి 6,000 టన్నుల అయస్కాంతముల కొఱకు 7,280 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. సంతోషమే. కాని మన మోనజైటులో నియోడిమియ మున్నను, డిస్ప్రోసియము మిక్కిలి స్వల్పము. గనిలో లేనిదానిని ధనము పుట్టింపఁజాలదు.

దానికి మాఱు బుద్ధియే. నష్టము తగ్గిన మోటారు చల్లగా నుండును; చల్లగా నున్న అయస్కాంతమునకు డిస్ప్రోసియము అంతగా అక్కఱలేదు. అయస్కాంతమును ముక్కలుగాఁ జేసి పొదిగినచో అందలి సుడిప్రవాహములు తగ్గును. 2010లో చైనా సరఫరా చిక్కు ననుభవించిన జపానునందు, హోండా, డైడో స్టీల్ సంస్థలు అట్టి బరువైన మూలకములు లేని అయస్కాంతమును, దానికి తగినట్లు మార్చిన మోటారును 2016లో ప్రకటించినవి.

కావున మా మనవి యిది. మన యింజనీరింగు కళాశాలలును కార్ఖానాలును పరాయి నమూనాలను బిగించుటతోఁ దృప్తిపడక, ఏ వాటు ఏ త్రోవలఁ బోవుచున్నదో స్వయముగాఁ గొలిచి లెక్క వ్రాయవలెను. ఆ లెక్క నెఱిగిన విద్యార్థి వేయి టన్నుల ఇసుకకంటె విలువైనవాడు. ఇసుక ఇచట నెన్నియేండ్లనుండియో పడియున్నది. దానిని చేపట్టు నేర్పునకే మనము వెదకికొనుచున్నాము.