మూత తియ్యండి, కళ్లు మూసుకోండి

డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు అందే సిగ్నల్‌గా మార్చే రెండు వేల రూపాయల డ్యాక్ డబ్బా మూత తీసి, నాలుగు కెపాసిటర్లు పీకి, వాటి చోట జపాన్ పేరున్నవి నాలుగు అతికించగానే ఘంటసాల మీ హాల్లోకి నడిచొచ్చి సోఫాలో కూర్చున్నాడట. కుడి ఎడమల వేదిక కూడా విశాలమైందట. మోనోలో రికార్డయిన పాటకి! మంచిదే, నన్నూ పిలవండి. మన విశాఖ మద్దిలపాలెం డిపో దగ్గర బస్సు దిగి వస్తాను. కాఫీ అక్కర్లేదు, రుజువు చాలు.

ముందే చెబుతున్నా, మూత తియ్యడం తప్పని నేననను. "తెరవొద్దు సార్, వారంటీ పోతుంది" అని బెదిరించేవాడి మీదే నాకు మొదటి మంట. లక్ష రూపాయల డబ్బాలోనూ పదివేల డబ్బాలోనూ ఒకే చిప్పు కూర్చున్న సందర్భాలు కోకొల్లలు. మిగతా డబ్బంతా దళసరి అల్యూమినియానికి, షోరూం ఏసీకి, ఆయనగారి "చెవి అనుభవానికి". డబ్బు పెట్టి కొన్న వస్తువు కడుపులో ఏముందో చూసే హక్కు మీది. స్టీల్ ప్లాంటు ఉన్న ఊళ్లో బతుకుతూ స్క్రూ తిప్పడానికి భయమేమిటి?

తీశాక మొదలవుతుంది అసలు భాగోతం. మూత తియ్యనివ్వనివాడు వ్యాపారి. మూత తీసి లోపల పూజ మొదలెట్టేవాడు భక్తుడు. ఒకరినొకరు తిట్టిపోసుకుంటారు గానీ, మీ చెవి మీద ఇద్దరికీ గౌరవం లేదు.

లెక్క చూద్దాం. 1982లో మార్కెట్లోకొచ్చిన సీడీ 16 బిట్లది. అందులో నిశ్శబ్దానికీ అతిపెద్ద చప్పుడుకీ మధ్య దూరం సుమారు 96 డెసిబెల్స్. ఇవాళ చవక బోర్డుల మీద కనిపించే పీసీఎం5102ఏ చిప్పుకు తయారీదారు ఇచ్చే అంకె 112. మీ సీలింగు ఫ్యాను, కిటికీ అవతల హైవే మీద లారీల మోత ఆ మిగులును ఎప్పుడో మింగేశాయి. ఇంకోటి. ఆ చిప్పు తనకు కావలసిన నెగెటివ్ వోల్టేజీని తానే తయారు చేసుకుంటుంది. దాని ఔట్‌పుట్ దారిలో కప్లింగ్ కెపాసిటర్ అవసరమే లేదు. అయినా అక్కడో ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్ ఇరికించి "గొంతు విచ్చుకుంది" అనే మహానుభావులకు వందనం.

ఆప్‌యాంప్ (సిగ్నల్‌ను పెంచే ఐసీ) భక్తి మరీ ఘోరం. డబ్బాలో ఎన్‌ఈ5532 కనబడితే చాలు, అంటరానిదాన్ని చూసినట్టు పీకి పారేస్తారు. 1970ల చివర్లో పుట్టిన ఆ ఐసీ మీద రికార్డింగ్ స్టూడియోల మిక్సింగ్ కన్సోళ్లు దశాబ్దాల పాటు నడిచాయి. మీరు కళ్లు చెమర్చుకుని వినే పాటల్లో ఎన్నో ఆ జాతి ఐసీలను డజన్ల కొద్దీ దాటుకునే మీ ఇంటికొచ్చాయి. చివరి ఒక్కదాన్ని మారిస్తే పాట పవిత్రమైపోతుందా? పోనీ, దాని చోట పెట్టేదేమిటి? వేల రూపాయలు చేసే ఓపీఏ627 జంట మీకు మూడొందలకే దొరికిందంటే అమ్మినవాడు ధర్మాత్ముడా, మీరు అమాయకులా? పైన అక్షరాలు చెరిపి కొత్తవి కొట్టిన డూప్లికేటు అది. అసలుదే దొరికినా, పాత ఐసీ కోసం గీసిన బోర్డులో వేగమైనది పెడితే మెగాహెర్ట్జ్‌లలో తనలో తాను ఊగిపోవచ్చు. ఆ ఊగుడు చెవికి అందదు. ఐసీ మాత్రం వేడెక్కుతుంది, పాట గీసుకుపోతుంది. సప్లై పిన్నుల పక్కనే 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ పెడితే చాలావరకు అదుపులో ఉంటుంది. చిల్లర డబ్బుల పని. చిల్లర పనికి మహిమ ఉండదు కదా, అందుకే భక్తులు చెయ్యరు.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడి గాలిలో ఉప్పుంది. గేటు గొళ్లెం నుంచి స్పీకరు తీగ కొస దాకా అది దేన్నీ వదలదు. ఆర్‌సీఏ పిన్నుల మీద చిలుం పడుతుంది, ఒక చానల్ నీరసిస్తుంది, తీగ కదిపితే గరగర. మీరు కెపాసిటర్లు మార్చడానికి పిన్నులన్నీ పీకుతారు, పని ముగించి మళ్లీ గుచ్చుతారు. ఆ రాపిడికి చిలుం రాలి, లోహం లోహానికి తగిలి, శబ్దం శుభ్రపడుతుంది. కీర్తి మాత్రం జపాన్ కెపాసిటర్ ఖాతాలోకి! ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచిన గుడ్డతో తుడిస్తే వచ్చేదానికి జీతంలో ఓ ముక్క ధారపోశారు.

అన్నిటికంటే సిగ్గుచేటు ఎర్త్. మీ అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గొయ్యిలో ఆఖరుసారి నీళ్లెప్పుడు పోశారో అసోసియేషన్ సెక్రటరీని అడగండి. మూడో పిన్ను పట్టట్లేదని విరగ్గొట్టి పారేసిన ఇంట్లో కూర్చుని, స్పీకర్లో గుంయ్‌మనే 50 హెర్ట్జ్ రొదకు డ్యాక్‌ను తిడతారా? ల్యాప్‌టాప్ అడాప్టరు నుంచి కారే కరెంటు యూఎస్‌బీ తీగ పట్టుకుని ఆంప్లిఫయర్లోకి దిగుతుంటే పాపం ఆ డబ్బా ఏం చేస్తుంది? ఆప్టికల్ తీగ లాగండి, ఆ రాగి దారే తెగిపోతుంది. నాసిరకం ఫోను చార్జరు పక్కన పెట్టి, మంచి ట్రాన్స్‌ఫార్మరు, ఒక ఎల్‌ఎం317 రెగ్యులేటరుతో 5 వోల్టుల సప్లై కట్టుకోండి. దీన్ని మార్పు అంటారు. ఫలితం కొలిచి చూసుకోవచ్చు. 230 వోల్టుల వైపు చెయ్యి పెట్టేముందు మాత్రం ప్లగ్గు పీకండి, ధైర్యం చూపాల్సింది అక్కడ కాదు.

చప్పట్లు కొడితే తిరిగి మొహాన కొట్టే టైల్సు హాల్లో ఒక మందపాటి కర్టెన్ వెయ్యమంటే మాత్రం వినరు. కర్టెన్‌కి మోడల్ నంబరు ఉండదుగా.

ఇక చెవుల సంగతి. 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఒక పరీక్ష అచ్చేశారు. హై రిజల్యూషన్ సంగీతాన్ని నేరుగానూ, సీడీ స్థాయికి కుదించే దారి గుండానూ, ఏది మోగుతోందో తెలియనివ్వకుండా వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. విన్నవాళ్లలో రికార్డింగ్ ఇంజినీర్లున్నారు, ఆడియో పిచ్చివాళ్లున్నారు. 554 సార్లలో సరిగా చెప్పినవి 276. బొమ్మా బొరుసా వేసినా అంతే. మీరు విన్నదంతా కళ్లతో విన్నారని ఒప్పుకోవడానికి ఎందుకింత పౌరుషం? పొరుగునే విజయనగరం సంగీత కళాశాలకు 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు సరిగా ఆనేది కాదు. నాదాన్ని తూచడానికి ఆయనకు అదేమీ లోటు కాలేదు.

కాబట్టి రండి. పాత డబ్బా, మార్చిన డబ్బా పక్కపక్కన పెట్టండి. 100 హెర్ట్జ్ టోన్ మోగించి రెండింటి వోల్టేజీ మల్టీమీటరుతో సమం చెయ్యండి. రవ్వంత గట్టిగా మోగేదే బాగున్నట్టు వినిపిస్తుంది, ఈ కిటుకు అమ్మేవాడికి బాగా తెలుసు. తీగలు మార్చే పని ఇంట్లో ఎవరికైనా అప్పగించి మీరు గోడవైపు తిరగండి. పదిసార్లు చెప్పండి. గుడ్డి లెక్కన చెబితే తొమ్మిదో పదో తగిలే అవకాశం నూటికి ఒకటి. మీకు తొమ్మిది తగిలితే ఇక్కడ రాసినదంతా నేనే వెనక్కి తీసుకుంటాను. ఐదో ఆరో వస్తే మాత్రం ఆ కెపాసిటర్ల కథ మీ బావమరిదికి చెప్పడం మానెయ్యండి. ఈ నెల జీతం పట్టుకుని ఆయన సిద్ధంగా ఉన్నాడు.