అమ్మమ్మ గొంతుని పిప్పి చేయకండి

మన పెళ్లి డీవీడీల్లో అప్పగింతలప్పుడు పిల్ల తల్లి ఏమందో మీలో ఎవరికైనా వినపడిందా? నాకైతే ఎప్పుడూ వినపడలేదు. ఆవిడ పెదాలు కదులుతుంటాయి, కళ్లు తుడుచుకుంటుంటుంది, పైన మాత్రం ఏదో సినిమా పాట మోగుతుంటుంది. అడిగితే "సౌండ్ బాగా రాలేదండీ, అందుకే పాట కలిపేశాం" అంటారు.

వీడియోవాళ్ల మాట అలా ఉంచండి. పాత ఫొటోలు, క్యాసెట్లు, వీడియోలు కలిపి ఇంట్లోనే డిస్కు చేసుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఫొటోలు ఏరడానికి పది రోజులు కూర్చుంటారు. ఆడియో దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో పెట్టెయ్‌రా" అని పిల్లాడి మీదకి తోసేస్తారు. నా గొడవంతా ఆ 'ఏదో ఒక'తోనే.

మా అమ్మమ్మది విజయనగరం వైపు. "ఏటే పిల్లా, ఏటి సేస్తన్నావు" అనేది. బీఏలో శ, ష, స, హలని ఊష్మాలని చదువుకున్నాం గుర్తుందా? వాటి గాలి శబ్దమంతా పై స్థాయిలో ఉంటుంది. ఆడియోని మరీ తక్కువ బిట్‌రేటుకి నొక్కితే ఎన్‌కోడర్ ముందుగా కోసేది ఆ పై స్థాయినే. అంటే మన 'సేస్తన్నావు'లో మొదట చచ్చేది ఆ 'స'. యాస పోయాక అది మా అమ్మమ్మ గొంతెలా అవుతుంది? అసలే మన విశాఖ ఉప్పుగాలికి, తేమకి క్యాసెట్లకి బూజు పట్టేస్తోంది. మళ్లీ రికార్డు చేద్దామంటే మనిషి లేదు.

చాలామంది చేసే పని, క్యాసెట్టుని ముందు ఎంపీ3గా మార్చి దాచుకోవడం. డీవీడీ వీడియో ప్రమాణంలో ఎంపీ3కి చోటే లేదు. పీసీఎం ఉండొచ్చు, ఏసీ-3 ఉండొచ్చు, ఎంపీ2 ఉండొచ్చు. మీరు ఎంపీ3 ఇస్తే ఆ 'ఒక్క నొక్కు' సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని అడక్కుండానే దాన్ని విప్పి మళ్లీ నొక్కుతుంది. గానుగాడిన చెరుకు పిప్పిని మళ్లీ గానుగలో పెట్టినట్టే. అందుకే క్యాసెట్టు నుంచి నేరుగా వేవ్ ఫైలుగానే ఎక్కించుకోండి. డీవీడీకి 48 కిలోహెర్ట్జ్ కావాలి కాబట్టి మొదటినుంచీ అదే పెట్టండి.

ఇక అసలు నొక్కాలా అన్నది. గంటలోపు డిస్కయితే నొక్కొద్దంటాను నేను. నొక్కని 16 బిట్ల స్టీరియో పీసీఎం సెకనుకి 1536 కిలోబిట్లు, గంటకి సుమారు 690 ఎంబీ. డిస్కులో 4.7 జీబీ ఉంది కదా, బొమ్మకి బోలెడు మిగులుతుంది. రెండు మూడు గంటల పెళ్లయితే ఏసీ-3 తప్పదు. సినిమాహాల్లో డాల్బీ డిజిటల్ అని కనపడేది అదే. 256 కిలోబిట్లు పెడితే గంటకి 115 ఎంబీ, పాటకీ మాటకీ సరిపోతుంది. 96కి దించి మిగిల్చిన చోటుతో ఏం చేసుకుంటారో నాకర్థం కాదు. (వీసీడీ అయితే ఎంపీ2, 224, 44.1 కిలోహెర్ట్జ్ అని నియమమే ఉంది, వాదనకి తావు లేదు. ట్వోలేమ్ చాలు.)

"మంచి ఎన్‌కోడర్ కావాలంటే డబ్బు పెట్టాలి" అనేవాళ్లని అసలు నమ్మకండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉచితం. ఆడాసిటీ కూడా ఉచితమే, ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ జోడిస్తే అందులోంచే ఏసీ-3 వస్తుంది. డిస్కు కూర్చడానికి డీవీడీస్టైలర్ ఉంది. అందులో ఆడియోకి 'కాపీ' అన్నది ఎంచుకుంటే మీ ఏసీ-3ని మళ్లీ నొక్కదు. కొన్ని కొనే సాఫ్ట్‌వేర్లలో డైలాగ్ నార్మలైజేషన్ -27 అని ముందే పెట్టి ఉంటుంది, ప్లేయరు దాన్ని చూసి గొంతు తగ్గించేస్తుంది. "సౌండ్ చిన్నగా ఉందేంటి" అని టీవీని తిట్టడం అందుకే. అక్కడ -31 పెట్టండి, డైనమిక్ కంప్రెషన్ తీసేయండి. ఈ రెండూ మార్చనివ్వని సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా ఉన్నా నాకొద్దు.

మావారు ఉక్కునగరం మనిషి. "ఇంతోటి దానికి ఇంత గొడవా" అన్నారు. మీ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఫర్నేసులకి ఆడపేర్లు పెట్టుకున్నారే, వాటి దగ్గర "ఏదో ఒక వేడి చాలు" అంటారా అని అడిగాను. ఆయన పేపరు తిరగేశారు. ఈ అంకెలేవీ వంటింట్లో పప్పుకి నీళ్లు కొలిచేదానికంటే కష్టం కాదు. మనకి రావని ఎవరన్నా అంటే, వాళ్లని ఒకసారి కూర్చోబెట్టి చేయించి చూడండి.

ఇంకొకటి. హిస్ శబ్దం పోవాలని నాయిస్ రిడక్షన్ అదేపనిగా వాయించకండి, మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టవుతుంది. కాస్త హిస్ ఉంటే ఉండనివ్వండి. పది కాపీలు కాల్చేముందు ఒక రీరైటబుల్ డిస్కు మీద వేసి, చుట్టాల్లో అందరికంటే పాత ప్లేయరు ఎవరింట్లో ఉందో అక్కడ పెట్టి వినండి. వేవ్ ఫైలు మాత్రం చెరిపేయకండి, రెండు చోట్ల దాచండి.