బండి మనది, తాళం వాడిది!

గంపలగూడెం మండలం నెమలి వేణుగోపాలస్వామి గుడికి ఖమ్మం జిల్లా జనం కూడా పోతారు. 2014లో రాష్ట్రాలు రెండయినా ఆ రాకపోకలు ఆగలేదు. సెకండ్ హ్యాండ్ కార్ల బేరాలూ ఆగలేదు. కన్సల్టెన్సీ ఖమ్మం వైపు, కొనే కుర్రాడు నెమలి వైపు. అమ్మేవాడే అప్పు కూడా ఇస్తాడు. చిక్కంతా అక్కడే.

డిగ్రీ చేతికొచ్చినా కొలువు దొరకని పిల్లలు బండి తిప్పుకొని బతుకుదామనుకుంటారు. బ్యాంకు సవాలక్ష కాగితాలు అడుగుతుంది. కన్సల్టెన్సీ వాడు అడిగేది సంతకాలే! ఖాళీ ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కులు, ట్రాన్స్‌ఫర్ ఫారాలు. జామీనుకు ఒక గవర్నమెంటు ఉద్యోగి. ఉద్యోగ మిత్రులారా, రేపు బౌన్సయ్యే చెక్కు మీదే.

'రెండు రూపాయల వడ్డీయే' అంటాడు. 2 లక్షలకు 36 నెలల వడ్డీ 1,44,000. కిస్తీ 9,555. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 2 లక్షల మీదే! తరిగే బాకీ మీద లెక్కేస్తే అది మూడు రూపాయలు దాటిన వడ్డీ. ఈ సంగతి ఏ కాగితంలో రాస్తున్నారు?

రెండు కిస్తీలు తప్పితే సీజింగ్ వాళ్లు దిగుతారు. రౌడీలను పెట్టి బండ్లు గుంజుకోవద్దని సుప్రీంకోర్టు 2007లో ప్రకాశ్ కౌర్ కేసులోనే చెప్పింది. తీర్పు ఢిల్లీలో ఉంది, తాళం వాడి జేబులో ఉంది.

పాత బండ్ల డీలర్లకు కేంద్రం 2022 డిసెంబర్‌లో రూల్స్ తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాయి. రవాణా శాఖ దగ్గర డీలరు అధికార పత్రం తీసుకోవాలి, తన దగ్గరికొచ్చిన బండి వివరం తెలపాలి. మంచిదే. కానీ ఆ డీలరే ఇచ్చే అప్పు గురించి అందులో ఒక్క ముక్క లేదు! నిజాం జమానాలో, 1349 ఫసలీలో చేసిన చట్టం నయం: లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయొద్దంటుంది. తెలంగాణలో ఆ చట్టం ఉంది. ఎన్ని కన్సల్టెన్సీలను అధికారులు ఆ లైసెన్సు అడిగారు?

సరిహద్దు దాటితే ఇంకో ముడి. తెలంగాణ నంబరు బండి ఆంధ్రలో రిజిస్టర్ కావాలంటే ఎన్వోసీ కావాలి. హైపోథికేషన్ ఉంటే ఫైనాన్షియర్ ఒప్పుకోవాలి. బాకీ తీరినా 'రేపు రా' అంటాడు. ఈలోగా యాక్సిడెంట్ అయితే? ఆర్సీలో పేరున్న పాత ఓనరే నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్ముకున్నవాడూ మునుగుతాడు, కొన్నవాడూ మునుగుతాడు.

మా కొట్లాట ఏనాడూ నెమలి కుర్రాడి మీద కాదు. సరిహద్దుకు అటూ ఇటూ దోచేవాడి మీదే. అమ్మే ధర వేరుగా, వడ్డీ వేరుగా రాసిన తెలుగు కాగితం కొన్నవాడి చేతికివ్వాలి. ఖాళీ సంతకాలు నేరం చేయాలి. బాకీ తీరిన వారంలో ఎన్వోసీ ఇవ్వాలి. రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఈ రూల్ తేవాలి.

అప్పటిదాకా ఒక దారుంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నెమలి మనిషి తన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, అమ్మినవాడు ఖమ్మంలో ఉన్నా సరే. 5 లక్షల లోపు ఫీజు లేదు. 'కిరాయికి తిప్పుతున్నావు, నువ్వు వినియోగదారుడివి కావు' అని డీలరు వకీలు వాదిస్తాడు. సొంత బతుకుదెరువుకు కొన్నవాడు వినియోగదారుడే అని అదే చట్టంలో ఉంది. కిస్తీ రసీదులు పారేయకండి.