టామ్ అండ్ జెర్రీకి కొత్త వెర్షన్లు ఎందుకండీ బాబూ?

పాత కోడ్ ముట్టుకునే ముందు అది ఎందుకు పనిచేస్తోందో తెలుసుకోవాలి. మన ఫీల్డులో ఫ్రెషర్‌కి కూడా చెప్పే మాట ఇది. కార్టూన్లు తిరగరాసే స్టూడియోల వాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

1940లో హన్నా, బార్బెరా మొదలెట్టిన టామ్ అండ్ జెర్రీ స్పెసిఫికేషన్ ఒక్క లైను: పిల్లి తరుముతుంది, ఎలుక తప్పించుకుంటుంది. మాటలు దాదాపు ఉండవు. ఆ పని స్కాట్ బ్రాడ్లీ సంగీతం చేస్తుంది. అందుకే ఇంగ్లీషు ముక్క రాని మన అమ్మమ్మలు కూడా పడీ పడీ నవ్వారు. ఏడు ఆస్కార్లు ఊరికే రాలేదు.

1975లో టీవీలో హింస వద్దన్నారని ఇద్దర్నీ స్నేహితుల్ని చేసేశారు. చేసింది కూడా ఆ హన్నా, బార్బెరాల కంపెనీయే! 1992 సినిమాలో ఇద్దరి చేతా మాట్లాడించి, పాటలు పాడించారు. 2021 సినిమాలో హోటలు, పెళ్ళి, మనుషుల గోల. పిల్లీ ఎలుకా సైడు క్యారెక్టర్లైపోయాయి.

"పాతవాటిలో నల్లజాతి వాళ్ళని వెక్కిరించే సీన్లున్నాయి కదా, మార్చొద్దా?" అంటారు. ఉన్నాయి. కొత్తవాటిలో వాటికి చోటుండకూడదు. అది బగ్గు. కానీ తరుముడు బగ్గు కాదండీ, అదే ప్రోడక్టు. బగ్గు ఫిక్స్ చేస్తామని ఫీచర్ పీకేస్తే ఏ క్లయింటు ఒప్పుకుంటాడు?

ఈ కాలం పిల్లలకి కొత్త కార్టూన్లు కావాలంటే కొత్త బొమ్మల్ని పుట్టించండి. 1940లో వాళ్ళిద్దరూ చేసింది అదే. పాత పేరుకున్న గిరాకీ కావాలి, ఆ పేరు తెచ్చిన పనితనం మాత్రం వద్దంటే ఎలా?