ఆరు తీగలు... ఏది ఎక్కడిది?

పోయిన వేసవిలో మా పక్క ఊళ్లో ఒక రైతు మోటారు కాలిపోయింది. పది హార్స్‌పవర్ మోటారు. ఓల్టేజి తగ్గి కాలిందని అందరూ అనుకున్నారు గాని అసలు సంగతి అది కాదు. పాత స్టార్టరు పాడైతే విప్పి కొత్తది బిగించారు. స్టార్టరు నుంచి మోటారుకు పోయే తీగలు ఆరు. ఆరూ నల్లవే. విప్పేటప్పుడు ఏది ఎక్కడ ఉండేదో ఎవరూ చూసుకోలేదు. బిగించేటప్పుడు రెండు తీగలు తారుమారయ్యాయి. స్విచ్చి వేయగానే మోటారు మూలిగింది, కాసేపటికి పొగ లేచింది. రివైండింగుకు పట్నం పంపితే తిరిగి రావడానికి వారం పట్టింది. చేలో మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులవి. ఆ వారం నీటికోసం ఆ రైతు పక్క మోటార్ల వాళ్ల చుట్టూ తిరిగాడు.

"ఆరూ ఒక్కలాగే ఉన్నాయి బాబూ, ఏది ఏటో నాకేటి తెలుస్తాది?" అన్నాడు మెకానిక్. అతన్ని నలుగురూ తిట్టారు. నాకైతే అతను అడిగినదానిలో తప్పేమీ కనిపించలేదు.

ఏ తీగ ఏదో తెలియడానికి ఉపాయం లేక కాదు. విశాఖ ఆటోనగర్‌లో ప్యానెల్ బోర్డులు తయారుచేసే ఒక షెడ్డులో మా ఊరి కుర్రాడు పనిచేస్తున్నాడు. పని మీద విశాఖ పోయినప్పుడు అతన్ని చూడబోయాను. అక్కడ ఒక్కో బోర్డులో వందల తీగలు. ప్రతి తీగకూ రెండు చివరలా చిన్న పసుపుపచ్చ గొట్టం ముక్క, దాని మీద నల్లటి అంకెలు. వాళ్లు దాన్ని ఫెర్రూల్ అంటారు. వెనకటికి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలున్న బుల్లి రింగులను పూసలు గుచ్చినట్టు ఒక్కొక్కటే తీగకు ఎక్కించేవారు. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తోంది. సన్నటి ప్లాస్టిక్ గొట్టం చుట్ట ఒక పక్క నుంచి లోపలికి పోతుంది. వేడెక్కే ముక్కొకటి సిరా రిబ్బన్‌ను గొట్టం మీద నొక్కి నెంబరు అచ్చువేస్తుంది. చిన్న కత్తి దాన్ని సగం దాకా కోసి వదులుతుంది. అందుకని ముక్కలు విడిపోకుండా దండలా వరసగా వస్తాయి. ఆ వరసలోనే తుంచి తొడుక్కోవచ్చు. కంప్యూటర్‌లో జాబితా ఇస్తే వందల నెంబర్లు మనిషి ముట్టుకోకుండా అచ్చయిపోతాయి. ఇంతకంటె పెద్ద యంత్రాలు తీగను కొలిచి కోసి, కొస ఒలిచి, గొట్టం తొడిగి, వేడిగాలితో బిగిసేలా కూడా చేస్తాయట. ఆ షెడ్డులో ఉన్నది మాత్రం చిన్నదే, బల్ల మీద పట్టేది.

యంత్రం రాకముందు అక్కడ ఇద్దరు ఆడపిల్లలు రోజంతా కూర్చుని రింగులు గుచ్చేవారు. ఇప్పుడు ఒకామె తీగలు బిగించే పనిలోకి మారింది. రెండో ఆమె మానేసింది. ఈ సంగతి కూడా చెప్పకుండా యంత్రాన్ని పొగడటం నాకు ఇష్టం లేదు.

గొట్టం ముక్కకోసం ఇంత గొడవేమిటి అనుకునేవారు బాలాసోర్ సంగతి గుర్తుచేసుకోవాలి. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బహనాగ బజార్ స్టేషన్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఘోర ప్రమాదానికి గురైంది. 290 మందికి పైగా చనిపోయారు. అది మన జిల్లా మీదుగా చెన్నై పోయే రైలు. కూలి పనులకు చెన్నై పోయే మనవాళ్లకు దారి అదే లైను. సిగ్నల్ మెయిన్ లైనుకు పచ్చగా ఉంది, పట్టా మాత్రం లూపు లైనుకు మళ్లి ఉంది. అక్కడ ఇనుప ఖనిజంతో నిలిచి ఉన్న గూడ్సును రైలు ఢీకొట్టింది.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది ఏమిటి? లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గరి పెట్టెలో తీగలకు తప్పుడు లేబుళ్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు గేటు దగ్గర కరెంటుతో లేచే అడ్డుకర్ర మార్చే పని జరుగుతుంటే తీగలు తారుమారయ్యాయి. అంతకుముందు 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్ స్టేషన్‌లో తప్పుడు వైరింగువల్ల ఇలాంటి సంఘటనే జరిగింది. అప్పుడే సరిదిద్దుకుని ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదని ఆ నివేదికే చెప్పింది.

మా పక్క ఊరి తీగలకు పేర్లే లేవు. అక్కడ ఉన్న పేర్లు తప్పు. నన్నడిగితే రెండోదే ఎక్కువ భయంకరం. పేరు లేని తీగను మెకానిక్ అనుమానంగా ముట్టుకుంటాడు, పరీక్ష చేస్తాడు. నెంబరు ఉంటే నమ్మేస్తాడు. యంత్రం కూడా జాబితాలో ఏది ఉంటే అదే అచ్చువేస్తుంది. తీగ మారినా జాబితా మారకపోతే అబద్ధాన్నే అందంగా అచ్చువేసి ఇస్తుంది. అందువల్ల పని అయ్యాక బల్బూ బ్యాటరీ పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు తీగను సరిచూడటం, మార్చిన తీగకు అదే రోజు నెంబరు మార్చడం మనిషి చేయవలసిందే. చేసినవాడొకడు, చూసినవాడు ఇంకొకడు కావాలి.

ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్త్‌కు అన్నది మన దేశంలో పాత అలవాటే. తీగలకు, టెర్మినళ్లకు గుర్తులు ఎలా పెట్టాలో చెబుతూ ఐ.ఎస్. 11353 అనే భారత ప్రమాణం 1985లోనే వచ్చింది. ఆటోనగర్ దాకా వచ్చిన ఆ ప్రమాణం పొలం గట్టున స్టార్టరు డబ్బా దాకా ఎందుకు రాలేదు? కొత్త స్టార్టరు అమ్మే దుకాణదారు ఆరు జతల నెంబరు గొట్టాలు డబ్బాలో వేసి ఇస్తే అతనికి పోయేదేముంది? మూత లోపల తీగల పటం అంటించి ఇవ్వాలని రైతులు పట్టుబట్టాలి. విద్యుత్ సెక్షన్ ఆఫీసుకు ఒకటి చొప్పున చేతిలో పట్టే ప్రింటరు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి పెట్టెల్లో ఏ తీగ ఏ లైనుకు పోతుందో రాసి పెట్టవచ్చు. రాత్రిపూట వానలో టార్చిలైటుతో ఫ్యూజు వేసే లైన్‌మన్‌కు ఆ నాలుగు అంకెలు ఎంత అండో అతన్నే అడగండి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివే పిల్లలకు చివరి పరీక్షలో ఈ పని పెట్టాలి.

అంతవరకూ రైతు సోదరులు ఒక పని చేయవచ్చు. ఫోను అందరి జేబుల్లోనూ ఉంది. ముందు స్తంభం దగ్గర కరెంటు తీయించి, స్టార్టరు మూత తీసి, ఒక్క తీగ కూడా కదపకముందు ఫోటో తీయించండి.

మొన్న ఆ రైతు షెడ్డుకు మళ్లీ వెళ్లాను. ఈసారి మెకానిక్ బుద్ధిగా ఆరు తీగలకూ తెల్ల టేపు చుట్టి పెన్నుతో నెంబర్లు వేశాడు. వానాకాలం చెమ్మకు మూడూ అయిదూ అప్పుడే చెరిగిపోయి ఉన్నాయి.