రాని జబ్బుకు కృతజ్ఞత ఎవరు చెబుతారు?

గుండెకు శస్త్రచికిత్స చేసి ఒక మనిషిని బతికించిన వైద్యుని పేరు ఆ కుటుంబం రెండు మూడు తరాల పాటు తలచుకుంటుంది. అది న్యాయమే. కానీ మన పిల్లలకు పోలియో రాకుండా చూసినవారి పేరు ఒక్కటి చెప్పమని అడిగితే మీలో ఎందరు చెప్పగలరు? తన బిడ్డ కాళ్లు చచ్చుబడలేదని ప్రయోగశాలలో కూర్చున్న ఒక వైరాలజిస్టుకు ఉత్తరం రాసిన తల్లి ఉంటుందా? ఉండదు. ఉండాలని ఆశించడమూ సబబు కాదు. జరగని ఆపదను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

వైరస్‌లను అధ్యయనం చేసే వైద్యులకు, అంటువ్యాధులను అరికట్టే నిపుణులకు వృత్తిలో ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. వారు బాగా పనిచేసినప్పుడు ఏమీ జరగదు. ఏమీ జరగనప్పుడు వారి అవసరమేమిటన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నతో పదవులు ఖాళీగా మిగులుతాయి, నిధులు తగ్గుతాయి. ఆ తరువాత ఒకనాడు ఏదో జరుగుతుంది. అప్పుడు నిపుణుల కోసం వెతుకుతాం. ఈ అలవాటు వల్ల మనం పోగొట్టుకుంటున్నది చాలా పెద్దదని నా అభిప్రాయం. కొన్ని వాస్తవాలు మీ ముందుంచుతాను. వాటిని చూసి మీరే తేల్చుకోండి.

ఒక పిల్లల వైద్యుడు వైరాలజిస్టు అయిన వైనం

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో పనిచేసిన డాక్టర్ టి. జాకబ్ జాన్ తొలుత పిల్లల వైద్యుడు. తరువాత వైరాలజీ వైపు మళ్లారు. మనదేశంలో పసిపిల్లలకు నోటి ద్వారా ఇచ్చే పోలియో చుక్కల మందు ఎంతవరకు పనిచేస్తున్నదో ఆయన పరీక్షించి చూశారు. సంపన్న దేశాలలో మూడు మోతాదులతో దాదాపు పిల్లలందరికీ రక్షణ ఏర్పడేది. ఇక్కడ అవే మూడు మోతాదులు వేసినా, పోలియో వైరస్‌లోని కొన్ని రకాల మీద సుమారు మూడోవంతు మంది పిల్లల్లో తగిన రక్షణ కలగడం లేదని తేలింది. అంటే లోపం తల్లులలో లేదు, చుక్కలు వేసిన నర్సులలోనూ లేదు. మన పరిస్థితులలో ఆ మందు మరిన్ని మోతాదులు వేయాలి, లేదా సూదిమందు కూడా జోడించాలి. ఈ మాట ఆయన దశాబ్దాల పాటు చెబుతూ వచ్చారు. విధానాలు రూపొందించేవారితో విభేదించవలసి వచ్చినా మానలేదు.

ఫలితం మీకు తెలుసు. పదే పదే చుక్కలు వేసే కార్యక్రమాలు దేశమంతటా సాగాయి. చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 2015 నవంబరు నుంచి సూదిమందు కూడా మన టీకాల పట్టికలో చేరింది. ఇది ఒక్కరి ఘనత కాదు, లక్షలాది మంది శ్రమ. కానీ ఒక నిపుణుడు చెప్పిన మాట విధానంగా మారడానికి ఎంత కాలం పట్టిందో గమనించండి. ఈ వృత్తిలో ఓపిక కూడా అర్హతే.

రాత్రి రైలులో ఆరు నమూనాలు

1986 నాటి సంగతి. మనదేశంలో ఎయిడ్స్ లేదని, అది విదేశాల జబ్బని చాలామంది నమ్ముతున్న రోజులవి. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ఆచార్యురాలు డాక్టర్ సునీతి సాల్మన్ తన విద్యార్థిని డాక్టర్ నిర్మలకు పీజీ పరిశోధనాంశంగా ఆ జబ్బునే ఇచ్చారు. నిర్మల సెక్స్ వర్కర్ల నుంచి రక్త నమూనాలు సేకరించారు. వాటిని భద్రపరిచే వసతి లేక ఇంట్లోని ఫ్రిజ్‌లో ఉంచారు. మద్రాసులో పరీక్షించే సదుపాయం కూడా లేదు. భార్యాభర్తలిద్దరూ నమూనాలను ఐసుపెట్టెలో సర్దుకొని రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు చేరారు. డాక్టర్ జాకబ్ జాన్ విభాగంలో పరీక్ష జరిగింది. ఆరు నమూనాలలో హెచ్ఐవి బయటపడింది. అమెరికాలో జరిపిన పరీక్ష కూడా దానినే నిర్ధారించింది.

ఆ ఆరు నమూనాల వల్లనే రక్తనిధులలో పరీక్షలు, జాగ్రత్తల ప్రచారం వంటి వాటికి దేశంలో పునాది పడింది. సునీతి సాల్మన్ ఆపై తన జీవితాన్ని హెచ్ఐవి రోగులకే అంకితం చేశారు. ఇతరులు తాకడానికి జంకిన కాలంలో వారికోసం 1993లో వై.ఆర్.జి. కేర్ సంస్థను స్థాపించారు. నిర్మల పీజీ పూర్తిచేసి చెన్నైలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో టీకాల తయారీ విభాగంలో చేరారు. ఆమె కథ లోకానికి తెలిసింది ఆమె పదవీ విరమణ చేసిన తరువాతనే. ఇంత పెద్ద విషయాన్ని కనుగొన్న మనిషి ఇన్నేళ్లు ఎవరికీ తెలియకుండా ఉండిపోవడం మరో వైద్యశాఖలో అయితే జరిగేదా?

మన గడ్డ మీద జరిగినవి

2003 వేసవి చివర, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు అకస్మాత్తుగా జ్వరం, ఫిట్లు వచ్చి ఒకటి రెండు రోజుల్లోనే కన్నుమూయసాగారు. నమోదైన 329 మంది పిల్లల్లో 183 మంది మరణించారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు అందులో చాందీపుర వైరస్‌ను గుర్తించారు. అది కొత్త వైరస్ కాదు. 1965లోనే మహారాష్ట్రలోని చాందీపుర గ్రామంలో జ్వరపీడితుల రక్తంలో అదే సంస్థవారు దానిని కనుగొన్నారు. నాటికి దానివల్ల పెద్ద ముప్పు కనిపించలేదు. పనికిరానిదని ఎవరైనా దానిని పారేసి ఉంటే, ముప్పై ఎనిమిదేళ్ల తరువాత మన పిల్లల నమూనాలను దేనితో పోల్చి చూసేవారు? ఆ నిర్ధారణపై నిపుణుల మధ్య వాదోపవాదాలు నడిచిన మాట నిజమే. అయితే వాదించడానికి కూడా ఆధారం ఉండాలి కదా. ఆ ఆధారాన్ని అన్నేళ్లు కాపాడింది ఏ లాభాపేక్షా లేని ఒక ప్రయోగశాల.

రెండో ఉదాహరణ హైదరాబాదుది. 2016లో నగరంలోని మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టి రూపం మార్చుకున్న టైప్ 2 పోలియో వైరస్ కనబడింది. ఏ బిడ్డకూ కాలు చచ్చుబడలేదు. ఆసుపత్రికి ఎవరూ రాలేదు. మురుగునీటిని క్రమం తప్పకుండా పరీక్షించే వ్యవస్థ ఉన్నందువల్ల మాత్రమే అది తెలిసింది. జూన్ నెలలో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు 3 లక్షల మంది పిల్లలకు తక్కువ మోతాదు పోలియో సూదిమందు ఇచ్చారు. ముప్పు అంతటితో తొలగిపోయింది. ఆ వారం మీ ఇంటికి వచ్చి సూదిమందు గురించి చెప్పిన ఆశా కార్యకర్తను మీరు విసుక్కొని ఉండవచ్చు. ఆమె వెనుక మురుగునీటిని వడగట్టి వైరస్‌ను వెలికితీసిన సాంకేతిక నిపుణులు ఉన్నారు. వారి పేర్లు మనకెవరికీ తెలియవు.

"ఇది వైరస్ కాదు" అని చెప్పగలిగిన వైరాలజిస్టు

నిజమైన నిపుణుని ఎలా గుర్తించాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. కరోనా కాలంలో టీవీల ముందు కూర్చున్నవారంతా నిపుణులైపోయారు కాబట్టి ఆ సందేహం సహజం. నా సమాధానం బీహారులోని ముజఫర్‌పూర్‌లో ఉంది. అక్కడ లిచీ పండ్ల కాలంలో పేదపిల్లలు తెల్లవారుజామున ఫిట్లు వచ్చి, స్పృహ తప్పి మరణిస్తూ వచ్చారు. ఏళ్ల తరబడి అందరూ ఏదో ఒక వైరస్ కోసం వెతికారు. డాక్టర్ జాకబ్ జాన్, విషపదార్థాల శాస్త్రవేత్త ముకుల్ దాస్ వేరే మాట చెప్పారు. రాత్రి భోజనం లేకుండా పడుకున్న, పోషణ చాలని పిల్లల్లో లిచీలోని ఒక పదార్థం వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతున్నదని వారి ప్రతిపాదన. భారత, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2014లో జరిపిన పరిశీలన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. లిచీ తినడానికి, రాత్రి అన్నం తినకపోవడానికి, ఈ జబ్బుకు సంబంధం ఉందని తేలింది. నివారణ ఏమిటి? పిల్లలకు రాత్రి కడుపునిండా అన్నం పెట్టడం. జబ్బు చేస్తే వెంటనే చక్కెర పరీక్ష చేసి గ్లూకోజు ఎక్కించడం.

తన జీవితమంతా వైరస్‌లతో గడిపిన మనిషి "ఇక్కడ వైరస్ లేదు, ఆకలి ఉంది" అని చెప్పగలగడంలోనే నైపుణ్యం ఉంది. తన శాఖ పరిధి ఎక్కడ ముగుస్తుందో తెలిసినవాడు నిపుణుడు. ప్రతి జ్వరానికీ ఒక కొత్త వైరస్ పేరు చెప్పి, పక్కనే ఒక పొడినో కషాయాన్నో అమ్మజూపేవారిని చూసి మీరు జాగ్రత్తపడండి.

ఈ వృత్తి అడిగే మూల్యం

పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో కెనెమా అనే పట్టణం ఉంది. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో లాస్సా జ్వరం విభాగాన్ని డాక్టర్ అనిరు కొంతే నడిపేవారు. 2004లో సూది గుచ్చుకొని అదే జ్వరంతో ఆయన మరణించారు. ఆ స్థానంలోకి తెలిసి తెలిసి ఎవరు వస్తారు? డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ వచ్చారు. 2014లో ఎబోలా వచ్చినప్పుడు ఆ విభాగమే దేశానికి దిక్కయింది. ఆ రోగులకు చికిత్స చేస్తూ జూలై 29న ఆయన కూడా ఎబోలాకు బలయ్యారు. మనదేశంలో 2018లో కోళికోడ్‌లో నిపా వచ్చినప్పుడు రోగికి సేవచేసిన నర్సు లినీ పుత్తుస్సేరి మరణం మీకు గుర్తుండే ఉంటుంది.

అదే నిపా విషయంలో మరో పోలికా ఉంది. 2001లో సిలిగురిలో 66 మందికి ఆ జబ్బు సోకి 45 మంది చనిపోయారు. అది నిపా అని తేలింది తరువాతి కాలంలో. 2018లో కోళికోడ్‌లో ఒకే కుటుంబంలో రెండో వ్యక్తి జబ్బుపడగానే వైద్యులు అనుమానించారు, నమూనాలు మణిపాల్ ప్రయోగశాలకు పంపారు, జబ్బు పేరు రోజుల్లోనే తెలిసింది. రోగులతో మెలిగినవారిని వెతికి పట్టుకొని వేరుగా ఉంచారు. అనుమానించే వైద్యుడు, నిర్ధారించే ప్రయోగశాల, వెంటాడి అరికట్టే ఆరోగ్య సిబ్బంది, ఈ ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా మిగిలిన ఇద్దరి శ్రమ వృథా.

మనం ఏం చేస్తున్నాం?

హైదరాబాదులోని జ్వరాల ఆసుపత్రిని పాతవాళ్లు కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అనే పరాయి మాట జనం నోట అలా నలిగి మనదైపోయింది. మాట మిగిలింది గాని దాని వెనుకనున్న శాస్త్రాన్ని మనం పట్టించుకోవడం మానేశాం. పీజీ కౌన్సెలింగులో మైక్రోబయాలజీ, సామాజిక వైద్యం సీట్లు చివరికి మిగిలిపోయేవి. మంచి ర్యాంకు వచ్చిన బిడ్డ వాటిని కోరుకుంటే ఇంట్లో విషాదం అలముకుంటుంది. వ్యాధి నిఘా వ్యవస్థలో ఎపిడెమియాలజిస్టులు, సాంకేతిక సిబ్బంది ఎందరో ఏళ్ల తరబడి ఒప్పంద ఉద్యోగులుగానే ఉండిపోతున్నారు. అనుభవం వచ్చేసరికి కొందరు విసిగి వెళ్లిపోతారు.

కరోనా తరువాత ప్రయోగశాలలు పెరిగాయి కదా, ఇంకేం కావాలి అని మీరు అడగవచ్చు. యంత్రాలు పెరిగిన మాట నిజం. కానీ యంత్రం తనకు నేర్పిన వైరస్‌నే గుర్తిస్తుంది. "ఈ ఏడు ఈ ఊళ్లో జ్వరాలు మామూలుగా లేవు" అని శంకించేది మనిషే. ఆ శంక ఒక జిల్లాలో పదేళ్లు నిలిచి పనిచేసినవారికి పుడుతుంది. మూడు నెలల కోసం నియమించినవారికి పుట్టదు. డబ్బు లేదనడమూ సరికాదు. ఒక్క మహమ్మారి వల్ల కలిగే నష్టంతో పోలిస్తే ప్రతి జిల్లాకూ ఇద్దరు శాశ్వత నిపుణులకు ఇచ్చే జీతం లెక్కలోనిది కాదు.

అందువల్ల మీకు మూడు విన్నపాలు. మీ ఇంట్లో వైద్యవిద్యార్థి ఉండి ఈ శాఖలవైపు మొగ్గు చూపితే అడ్డుపడకండి. వారికి కారూ బంగళా ఆలస్యంగా రావచ్చు, కానీ ఒక జిల్లా మొత్తం వారి రోగి అవుతుంది. ఓట్లు అడగడానికి వచ్చినవారిని, మన జిల్లాలో వ్యాధి నిఘాకు శాశ్వత అధికారి ఉన్నారా, ఆ పదవి ఖాళీగా ఉందా అని ఒక్కసారి అడగండి. ఆసుపత్రి భవనం గురించి అడిగేవారు ఎందరో ఉన్నారు, ఈ ప్రశ్న అడిగేవారు లేరు. ఇక, జ్వరం వచ్చినప్పుడు రక్తనమూనా అడిగితే ఇవ్వండి. ఎక్కడెక్కడ తిరిగారో, ఇంట్లో ఇంకెవరికి జబ్బు చేసిందో దాచకుండా చెప్పండి. కోళికోడ్‌లో ఆ ఒక్క వివరమే ఎందరినో కాపాడింది.

జూన్ వస్తోంది. వానలతో పాటు డెంగీ, మలేరియా కూడా వస్తాయి. మీ వీధిలోకి దోమల లార్వాలు చూడడానికి ఒక ఉద్యోగి వస్తే తలుపు తీయండి, నీళ్లతొట్టి మూత తీసి చూపించండి. ఆయన పని సవ్యంగా జరిగితే ఈ ఏడు మీ ఇంట్లో ఎవరికీ జ్వరం రాదు. రానందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పాలని కూడా మీకు తోచకపోవచ్చు. అందుకే వచ్చిన రోజే ఒక మంచి మాట చెప్పి, కాసిని మంచినీళ్లు ఇచ్చి పంపండి.